విరిగిన చందమామ మీద నలభై నిమిషాలు

సాయంత్రం ఐదింటికి పళ్ల డాక్టరమ్మ చేతి గ్లౌజులు విప్పి, "ఇంక నువ్వెళ్లమ్మా" అనేసరికి సిస్టర్ నడుము రెండు ముక్కలయ్యేలా ఉంది. పొద్దున తొమ్మిదింటి నుంచీ పరాయివాళ్ల నోళ్లలో ఉమ్ము పీల్చే గొట్టం పట్టుకుని పక్కకి ఒరిగి నిలబడటం ఆవిడ ఉద్యోగం. నర్సింగు చదివింది లేదు గానీ, తెల్లకోటు తగిలించుకున్న రోజు నుంచీ ఆ ఆరంతస్తుల బిల్డింగులో అందరికీ ఆవిడ సిస్టరే.

మెట్లు దిగి వెనక్కి వస్తే జనరేటరు గది, దాని గోడకి ఆనుకుని టీ కొట్టు. పైన రేకులు, కింద రెండు బల్లలు. జనరేటరు ఆడుతున్నంతసేపూ బల్లమీద గ్లాసులు వాటంతటవే చివరికి జరుగుతుంటాయి. టీ కొట్టు అక్క అటు చూడకుండానే వాటిని చేత్తో వెనక్కి నెడుతూ ఉంటుంది. సిస్టర్ ఇల్లు చేరాలంటే రెండు బస్సులు మారాలి. ఇల్లంటే ఒక గది, ఒక కిటికీ, ఒక పాత కంప్యూటరు. అందుకే ఆ బస్సులెక్కే ముందు అరగంట ఇక్కడ కూలబడుతుంది. ఇక్కడా జనం నోళ్లు తెరుస్తారు, కాకపోతే లోపలికి తొంగి చూడాల్సిన పని లేదు.

అలా నోరు తెరిచేవాళ్లలో మొదటివాడు లిఫ్టు మెకానిక్. నలభై ఐదేళ్లుంటాయి. గోళ్ల సందుల్లో ఏ సబ్బుకీ పోని గ్రీజు, జేబులో స్క్రూడ్రైవరు, నిద్ర చాలని ఎర్రటి కళ్లు. అందరూ 'జనరల్ గారూ' అంటారు. ఎగతాళికే మొదలుపెట్టారు గానీ, ఆయన ఆ పిలుపుని బిరుదులా పుచ్చుకున్నాడు. దానికి కారణం 'ఆఖరి కక్ష్య' అనే కంప్యూటరు ఆట. ఎక్కడో ఆకాశంలో ఒక గ్రహం ఉంటుంది. తవ్వకం బళ్లు నీలిరాయి తవ్వి తెస్తాయి. ఆ రాయి పెట్టి గోడలు కట్టుకోవాలి, నడిచే ఫిరంగులు చేయించుకోవాలి, ఎదుటివాడి స్థావరాన్ని కూల్చాలి. నువ్వొకసారి వాడొకసారి అనే వంతులుండవు. ఇద్దరి గడియారమూ ఒకేసారి నడుస్తుంది. రెప్ప వేసినవాడు పోయినట్టే.

ఆ బిల్డింగులో సగం మందికి ఆ పిచ్చి ఉంది. కింద జిరాక్సు షాపు నడిపే బాబాయ్‌కైతే ఆడటం కన్నా ఆట కింద అభిప్రాయాలు రాయడం పిచ్చి. మిషను తన పని తాను చేసుకుంటుంటే ఈయన పేజీలకి పేజీలు తిట్లు రాస్తుంటాడు. ఇంక ఎలక్ట్రీషియను, అందరూ కరెంటాయన అంటారు, ఎక్కువ మాట్లాడడు. మాట్లాడితే మాత్రం ఫ్యూజు పీకినట్టే ఉంటుంది.

సిస్టరూ ఆడుతుందని వీళ్లలో ఎవరికీ తెలీదు. ఆవిడ చెప్పలేదు. చెబితే ఈ అరగంట కూడా ఆటలో కలిసిపోతుందని భయం. ఆ ఆట మీద ఆవిడ అభిప్రాయం ఎక్కడా రాయలేదు గానీ, రాస్తే ఒక్క ముక్కే రాసేది: మొదటి మూడు నిమిషాలు బావుంటాయి. బళ్లు బయల్దేరి ఉంటాయి, గోడ లేస్తూ ఉంటుంది, ఎవడూ ఇంకా ఎవడి మీదకీ రాడు. ఆ మూడు నిమిషాల కోసమే ఆవిడ ఆడేది. తర్వాతదంతా మళ్లీ ఉద్యోగంలానే ఉంటుంది.

ఆ రోజు ఆవిడ వచ్చేసరికి బాబాయ్ మంచి ఊపు మీద ఉన్నాడు.

"ఒక్క నక్షత్రం ఇచ్చా. సున్నా ఇవ్వడానికి బటను లేక ఒకటి. ఏమిటీ కొత్త వెర్షను? తవ్వకం బళ్లు చూశావా, ఇదివరకు లేళ్లలా గెంతేవి. ఇప్పుడు మోకాళ్ల నొప్పులొచ్చినట్టు ఈడ్చుకుంటూ నడుస్తున్నాయి. నేనొక్కణ్నే కాదు, వందల మంది అదే రాశారు. ఆట తయారుచేసినవాడు ఎప్పుడైనా దాన్ని ఆడాడా అని అడిగా."

"నాకు బాగానే ఉంది," అన్నాడు కరెంటాయన. "ఇదివరకు బుర్ర లేనివాడు కూడా బళ్లు పరిగెత్తించి గెలిచేవాడు. ఇప్పుడు కాస్త ఆలోచించాలి."

"అంటే నాకు బుర్ర లేదంటావు."

"నేనలా అన్లేదు. నువ్వు రాసింది చదివాను, అంతే."

జనరల్ గొంతు సవరించుకున్నాడు. రోజూ ఇదే వరస. అయిదూ పదికి వస్తాడు, అందరూ మాట్లాడేదాకా ఆగుతాడు, గొంతు సవరించుకుంటాడు, ఆరింటికి పది నిమిషాలుందనగా చెప్పేది సగంలో వదిలేసి లేచిపోతాడు.

"ఆ బళ్ల సంగతి నాకు తెలుసులే బాబాయ్. దాని వెనకాల ఒక చిన్న కథ ఉంది. పెద్ద విషయం కాదు. ఒక ఆట గెలిచాను, అంతే."

"అంతేనా? అయితే అక్కా, నాకింకో టీ పోయి," అన్నాడు బాబాయ్. "అంతే అన్నాడంటే ఇది చాలా దూరం పోతుంది."

"పోయిన వేసవిలో ఒక ఆదివారం మధ్యాహ్నం," మొదలుపెట్టాడు జనరల్. "ఎండ మండిపోతోంది. నేనూ అన్నం తిని, ఏదో పొద్దుపోక కూర్చున్నా. విరిగిన చందమామ మైదానం. అదే, సగం చంద్రుడు ముక్కలై గాల్లో తేలుతుంటాడే, అది. నాది ఎర్ర సైన్యం. అవతల పసుపు. ఎవడో ఏమో అనుకుని పేరు చూద్దును కదా, గుండె ఝల్లుమంది. 'మృత్యుకేక'! ప్రపంచం మొత్తం మీద పదకొండో ర్యాంకు. వాడి చేతిలో పడ్డవాడు మళ్లీ కంప్యూటరు ముట్టుకోలేదని చెప్పుకుంటారు. నేనేం చేశానో తెలుసా? కాలు మీద కాలేసుకున్నా."

"అక్కడే భయపడిపోయుంటాడు," అంది టీ కొట్టు అక్క.

"నవ్వకక్కా. ఆ తర్వాత ఏమైందో విను. నా దగ్గర ఉన్నవి అయిదంటే అయిదు తవ్వకం బళ్లు. ఫిరంగి ఒక్కటి లేదు. వాడేమో రెండో నిమిషానికే పదహారు నడిచే ఫిరంగులు తెచ్చి నా గోడ దగ్గర నిలబెట్టాడు. ఇంకొకడైతే దణ్ణం పెట్టేవాడు. కానీ వాడికి తెలీదు కదా, ఇటువైపు ఉన్నది ఉక్కుపిడుగని! అక్కడ నా పేరదే సిస్టర్, ఉక్కుపిడుగు."

గ్లాసు పెదాల దాకా తెచ్చిన సిస్టర్ చెయ్యి అక్కడే ఆగిపోయింది.

విరిగిన చందమామ, ఆదివారం మధ్యాహ్నం, పసుపు సైన్యం. ఇవన్నీ ఎవరికైనా ఎదురయ్యేవే. పదహారు ఫిరంగులు కూడా యాదృచ్ఛికం అనుకోవచ్చు. ఉక్కుపిడుగు మాత్రం ఒక్కడే. ఆ రోజు పసుపు సైన్యాన్ని నడిపింది ఆవిడ. ఆవిడ పేరు మృత్యుకేక కాదు. ఖాతా తెరిచిన రోజు ఎనిమిది పళ్లు పీకించుకున్న ఒక పెద్దాయన్ని రెండు గంటలు పట్టుకుని వచ్చింది. పేరేమిటని ఆట అడిగితే ఏం తోస్తే అది కొట్టింది. 'నీరసం'. ఆ పేరు మీదే ఇప్పటికీ ఆడుతోంది.

జనరల్ ఆవిడ వైపు చూడట్లేదు. కథ ఊపందుకుంది.

"అయిదు బళ్లూ గుండ్రంగా తిప్పా. గిర్రున. ఒకదాని వెనక ఒకటి. దుమ్ము లేచింది చూడండీ, చంద్రుడు కనపడలేదు. ఆ దుమ్ములో వాడికి అయిదు బళ్లు అయిదు వందల్లా కనిపించాయి. ఫిరంగులు వెనక్కి వెనక్కి..."

"ఆ ఆటలో దుమ్ము లేవదన్నా," అన్నాడు కరెంటాయన.

"నువ్వు నడిపితే లేవదు తమ్ముడూ. సరే, అది వదిలేయ్. అప్పుడే మౌసు పుటుక్కుమంది. చక్రం ఊడి మంచం కిందికి పోయింది. ఇంకొకడైతే ఏం చేస్తాడు? ఏడుస్తాడు. నేను లిఫ్టు మెకానిక్‌ని. ఇంట్లో పాత లిఫ్టు బటన్ల పలక ఒకటుంది. తెచ్చి రెండు వైర్లు కలిపి కంప్యూటరుకి తగిలించా. మూడో అంతస్తు నొక్కితే బళ్లు ముందుకి, రెండో అంతస్తు నొక్కితే వెనక్కి, తలుపులు మూసే బటను నొక్కితే కోట తలుపు మూసుకోవడం! బళ్లు గోడ దాటినప్పుడల్లా గంట టింగుమంటోంది."

బాబాయ్ టీ పొరబోయి దగ్గాడు. అక్క కూడా నవ్వు ఆపుకోలేక మొహం తిప్పుకుంది. కరెంటాయన నవ్వలేదు. వారం నుంచీ ఎడమ లిఫ్టు కంట్రోలు పెట్టె విషయంలో వాళ్లిద్దరికీ పడట్లేదు. తప్పు కరెంటుదా లిఫ్టుదా అని పైవాళ్లు ఇద్దరినీ నిలబెట్టి అడిగారు. ఆ మంట ఇంకా చల్లారలేదు.

"ఒక్క మాటన్నా," అన్నాడు జేబులోంచి ఫోను తీస్తూ. "ఆ ఆటలో ప్రతి పోటీకీ లెక్క ఉంటుంది. ఎవడు గెలిచాడు, ఎన్ని నిమిషాలు ఆడాడు, ఎన్నిసార్లు బటను నొక్కాడు, అన్నీ రాసుంటాయి. ఉక్కుపిడుగు అని కొడితే మొత్తం బయటికొస్తుంది. కొట్టనా?"

"కొట్టు," అన్నాడు జనరల్. వెంటనే అన్నాడు. కానీ ఆ మాట అంటున్నప్పుడు అతని వేళ్లు జేబులో స్క్రూడ్రైవరుని వెతుక్కోవడం సిస్టర్ చూసింది.

జనరేటరు గోడ పక్కన సిగ్నలు అంతంతమాత్రం. కరెంటాయన ఫోనులో చిన్న చక్రం తిరగడం మొదలైంది.

ఆ లెక్కలో ఏముంటుందో ఆవిడకి తెలుసు. నాలుగో నిమిషం తర్వాత ఉక్కుపిడుగు ఒక్క బటనూ నొక్కలేదని ఉంటుంది. దాడులు సున్నా అని ఉంటుంది. ఎందుకు అన్నది మాత్రం ఉండదు.

ఆ రోజు నాలుగో నిమిషంలో ఆవిడ తెర కింద ఒక వాక్యం పడింది. ఆ ఆటలో అవతలివాడు ఏదైనా రాశాడంటే తిట్టే అయ్యుంటుంది, అందుకే చదవకుండా వదిలేయబోయింది. 'మామయ్య గేటు తీసుకుని వెళ్లిపోయాడండీ. వెతకాలి. ఏమనుకోకండి.' అంతే. ఆ ఆటలో ఆవిడని 'అండీ' అన్న మనిషి అంతకుముందు లేడు, తర్వాతా లేడు. అవతల చేతులాగిపోయాయి. కోట సగమే లేచి ఉంది. పదహారు ఫిరంగులు దాని ముందు నిలబడి ఆవిడ ఒక్క మాట కోసం చూస్తున్నాయి. ఇంకో రెండు నిమిషాల్లో అంతా నేలమట్టం చేసి గెలవచ్చు. ఆవిడ వేలు కదల్లేదు. ఎవరో ఒక ముసలాయన చెప్పులేసుకున్నాడో లేదో, ఆ ఎండలో ఎటు పోయాడో. అతని అయిదు బళ్లూ మాత్రం నడిపేవాడు లేకపోయినా తవ్వుతూ, తెస్తూ, కుప్ప పోస్తూ, మళ్లీ వెళ్తూ ఉన్నాయి. ఆవిడ ఫిరంగుల్ని వెనక్కి తిప్పేసింది. తిప్పి, కూర్చుని చూసింది. నలభై నిమిషాలు. చివరికి, అతను తిరిగొచ్చి తెర చూసుకుంటే ఒక మంచి మాటైనా కనిపించనీ అనుకుని, ఓటమి ఒప్పుకున్నట్టు బటను నొక్కేసింది.

అతను మళ్లీ ఆటలో కనపడలేదు. కొన్ని వారాలు ఆ పేరు వెతికింది. బస్టాపుల్లో 'కనబడుటలేదు' కాగితాలు అంటించి ఉంటే ఆగి చూసేది. అన్నిట్లోనూ ఏదో ఒక మామయ్య ఉండేవాడు. ఎవరి మామయ్యో తెలిసేది కాదు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా?" జనరల్ గొంతు పెరిగింది. "వాడు నౌకలు దింపాడు. నాలుగొందల యుద్ధ నౌకలు! తెర మీద చోటు చాలక అంచుల్లోంచి బయటికి పొడుచుకొస్తున్నట్టున్నాయి. నా కంప్యూటరు వేడికి లోపల ఫ్యాను ఎంత జోరుగా తిరిగిందంటే, బల్ల నేల మీంచి జానెడు లేచింది. నేను ఒక కాలితో బల్ల తొక్కిపట్టి, రెండో కాలి బొటనవేలితో నాలుగో అంతస్తు నొక్కుతున్నా. ఆ గాలికి వీధిలో ఆరేసిన బట్టలన్నీ ఎండిపోయాయి. ఎదురింటావిడ వచ్చి థాంక్స్ చెప్పి వెళ్లింది."

"తిరుగుతోంది," అన్నాడు కరెంటాయన ఫోను చూస్తూ.

"అదే టైముకి ఫోను మోగింది. ఎవరనుకున్నారు? ఆట తయారుచేసినవాళ్లు! 'అయ్యా, దయచేసి ఆపండి, మా మిషన్లు కరిగిపోతున్నాయి, భూమ్మీద ఇంకెవడూ ఆడట్లేదు, అందరూ ఆటలాపేసి మీ ఒక్క ఆట చూస్తున్నారు' అని. వాడి గొంతులో ఏడుపు బాబాయ్! నేనన్నా, 'బాబూ, మొదలుపెట్టింది నేను కాదు, ఆపమని మృత్యుకేకకి చెప్పుకోండి' అన్నా."

"నీకు వాళ్ల భాష వచ్చా?" అడిగింది అక్క.

"ఆ రోజు వచ్చిందక్కా."

ఇంతకుముందైతే ఆ మాటకి అందరూ గొల్లుమనేవాళ్లు. ఇప్పుడు బాబాయ్ ఒక్కడే ముక్కుతో నవ్వాడు. అందరి కళ్లూ ఆ ఫోను మీదే ఉన్నాయి. జనరల్‌కీ అది తెలుస్తోంది. అతను ఏ అంతస్తులోనూ తలుపు తెరుచుకోని లిఫ్టులో ఇరుక్కున్నవాడిలా పైకే పోతున్నాడు. మొహం మీద చెమట. కథ చెప్పే ఉత్సాహం ఎప్పుడో అయిపోయింది, అలవాటు ఒక్కటే లాక్కుపోతోంది. పొద్దుట్నుంచీ నోరు తెరిచి కూర్చుని, ఇంక ఎప్పుడు మూసుకోమంటారా అని చూసే పేషెంట్ల మొహంలో ఉండే అలసట అది. సిస్టర్‌కి ఆ అలసట బాగా తెలుసు.

"అప్పుడింక మృత్యుకేక కాళ్లబేరానికొచ్చాడు. 'గురువుగారూ, నా సైన్యం కూడా మీరే ఉంచుకోండి, నేను పోయి ఇంకేదైనా పని చూసుకుంటా' అని రాశాడు. ఓడిపోయానని వాడంతట వాడే ఒప్పుకున్నాడు. అది మాత్రం నిజం తమ్ముడూ, నీ ఫోనులో కూడా ఉంటుంది చూడు, గెలిచింది నేనే. ఆ మర్నాడే వాళ్లు మీటింగు పెట్టుకున్నారు. అయిదు బళ్లతో ఒక మనిషి ఇంత పని చేస్తే ఎలా, రేపు ఆరు బళ్లిస్తే ఏమైపోతాం అని. అందుకే బాబాయ్, కొత్త వెర్షనులో బళ్లు నెమ్మదిగా నడుస్తున్నాయి. నా వల్లే. నీ ఒక్క నక్షత్రం పాపం నాదే."

"వస్తోంది, వస్తోంది," అన్నాడు కరెంటాయన. "సగం తెరుచుకుంది."

సిస్టర్ గ్లాసు బల్ల మీద పెట్టింది. ఏం అనాలో ముందుగా అనుకోలేదు. ఎనిమిది నెలలుగా నాలుక చివర ఉన్న మాట ఒకటే ఉంది. అదే వచ్చింది.

"ఆ రోజు మీ మామయ్య దొరికారా అండీ?"

జనరల్ నోరు సగం తెరిచి ఉండిపోయింది. ఆవిడ మొహంలోకి చూశాడు.

"ఏ మామయ్య?" అన్నాడు బాబాయ్. "కథలో మామయ్య ఎక్కడున్నాడు?"

ఒక గ్లాసు జరిగి జరిగి బల్ల చివరికొచ్చింది. అక్క దాన్ని నెట్టడం కూడా మర్చిపోయి, పడబోతుంటే పట్టుకుంది.

"దొరికాడు," అన్నాడు జనరల్. ఆ గొంతు వాళ్లెవరూ ఎప్పుడూ విన్నది కాదు. చిన్న గొంతు. "పాత మార్కెట్టు దగ్గర లారీలు తూకం వేసే కాటా లేదూ, అక్కడ. ముప్పై ఏళ్లు అక్కడే గుమాస్తాగా చేశాడు మా మామయ్య. ఇప్పుడు నేనెవరో తెలీదు, కూతుర్ని చూసి ఎవరమ్మా నువ్వంటాడు, కాటా మాత్రం గుర్తుంది. ఎండలో చెప్పుల్లేకుండా నిలబడి, వచ్చే ప్రతి లారీకీ చెయ్యి ఊపుతున్నాడు. 'నిదానం, నిదానం, ఇంకొంచెం ముందుకి' అని. ఆ డ్రైవర్లు కూడా మంచివాళ్లు సిస్టర్. ఎవరూ విసుక్కోలేదు. ఆయన చెయ్యి దించేదాకా ఆగి అప్పుడు వెళ్తున్నారు. ఒకతను తల మీద తడిగుడ్డ కూడా వేశాడు. నేను వెళ్తే, 'బాబూ, రాసుకో' అని బరువు చెప్పాడు. రాసుకున్నట్టు చేసి తీసుకొచ్చా."

"అమ్మయ్య," అంది సిస్టర్. ఆవిడకి తెలీకుండానే భుజాలు కిందికి దిగాయి.

"మూడు గంటలు పట్టింది. ఇంటికి తెచ్చి, స్నానం చేయించి, కాళ్లకి మందు రాసి, వచ్చి చూస్తే తెర వెలుగుతూనే ఉంది. విజయం అని ఉంది, బంగారు అక్షరాలతో. నేనేం చేశానని గెలిచాను? ఇంటావిడకి చూపించా. ఆవిడ ఏడుస్తోంది, చూళ్లేదు. అవతలివాడి లైను తెగిపోయిందేమో అనుకున్నా. ఏ సంగతీ తెలీలేదు." ఆగాడు. "అది మీరా?"

"నేనే. మృత్యుకేకని కాదు. నీరసాన్ని."

"అవును," అన్నాడు జనరల్ నెమ్మదిగా. "నీరసం. అలా చెబితే ఎవరు వింటారని మార్చా."

బాబాయ్‌కి ఇప్పటికి సంగతి బోధపడింది. సిస్టర్ని, జనరల్ని, మళ్లీ సిస్టర్ని చూశాడు. "అమ్మా, నువ్వూ ఆడతావా! ఇన్నాళ్లూ నా వాగుడంతా వింటూ..."

"మీరు రాసినవి చదువుతుంటా బాబాయ్‌గారూ. బస్సులో."

"ఎలా ఉంటాయి?"

"పొడుగ్గా ఉంటాయి."

కరెంటాయన ఫోను తెరుచుకుంది. పక్కనే కూర్చున్న సిస్టర్‌కి కూడా తెర కనిపించింది. ఉక్కుపిడుగు. ఏడాది మొత్తంలో ఆడిన ఆటలు: ఒకటి. గెలిచినవి: ఒకటి. దాని కింద ఆ ఒక్క ఆట లెక్కే: దాడులు సున్నా. ఎనిమిది నెలలుగా ఈ బల్ల మీద విన్న యుద్ధాలన్నీ, కూలిన కోటలన్నీ, తోక ముడిచిన రాజులందరూ ఆ నాలుగు నిమిషాల్లోంచి పుట్టినవే. కరెంటాయన ఒకసారి కిందిదాకా జరిపి చూశాడు. తర్వాత ఫోను జేబులో పెట్టేసుకున్నాడు.

"ఏముంది అందులో?" అడిగాడు బాబాయ్.

"సిగ్నలు లేదు," అన్నాడు కరెంటాయన.

జనరల్ అతని వైపు చూశాడు. ఎడమ లిఫ్టు గురించి రేపు పొద్దున ఇద్దరూ కలిసి పెట్టె విప్పి చూద్దామన్నాడు కరెంటాయన, ఎటో చూస్తూ. సరే అన్నాడు జనరల్.

"మళ్లీ ఎందుకు ఆడలేదండీ?" అడిగింది సిస్టర్.

"గేటుకి తాళం వేశాం. వేస్తే చిన్నపిల్లాడిలా దాన్ని పట్టుకుని ఏడుస్తాడు. వేయకపోతే నేను కుర్చీలో కూర్చోలేను. ఆరున్నరకి మా ఆవిడ డ్యూటీకి పోవాలి, అప్పట్నుంచీ నేనే. ఆయన వెనక తిరగడమే పని. ఇక్కడ ఈ కాసేపేగా..." మిగతాది చెప్పకుండా చేత్తో ఏదో తుడిచేసినట్టు చేశాడు. "అవునూ, నలభై నిమిషాలు ఏం చేశారు మీరు? ఊరికే కూర్చున్నారా?"

"మీ బళ్లు చూశాను. ఒకటి తిరిగొస్తూ నా గోడ అడ్డమొచ్చి ఆగిపోయింది. ముందుకీ పోదు, వెనక్కీ పోదు, గుద్దుకుంటూనే ఉంది. చూడలేక నా గోడ కూల్చేశాను. అప్పుడు దారి దొరికి పోయింది."

జనరల్ చొక్కా చేతితో మొహం తుడుచుకున్నాడు. గ్రీజు చెంప మీద గీతలా అంటుకుంది. ఎవరూ చెప్పలేదు.

"చెప్పొచ్చు కదయ్యా," అంది టీ కొట్టు అక్క చివరికి. కోపంగానే అంది. "రోజూ నాలుగొందల నౌకలంటావు గానీ, ఇంట్లో ఇదీ సంగతి అని ఒక్కనాడన్నా అన్నావా?"

"చెబితే మీరు జాలిపడతారక్కా. ఇంట్లో ఎలాగూ అందరం జాలిగానే ఉంటాం. ఇక్కడ కాసేపు నవ్వుతున్నారు కదా."

ఆరింటికి పది నిమిషాలుంది. అతను లేచాడు, పనిముట్ల సంచి భుజానికి తగిలించుకున్నాడు. రెండడుగులు వేసి ఆగాడు. వెనక్కి తిరిగినప్పుడు మొహంలో పాత జనరల్ కొంచెం కొంచెంగా తిరిగొస్తున్నాడు.

"చూడండి సిస్టర్, ఆదివారం మధ్యాహ్నం అన్నం తినగానే మామయ్య పడుకుంటాడు. ఈమధ్య మందులు మార్చారు, బాగానే నిద్ర పడుతోంది. గంటసేపు కదలడు. ఆ గంటలో మీ పసుపు సైన్యాన్ని నామరూపాల్లేకుండా చేసేస్తా. కాచుకోండి."

"గంటసేపా అన్నా?" అన్నాడు కరెంటాయన, ఎగతాళేం లేకుండా.

జనరల్ ఆలోచించాడు. నిజంగానే లెక్క వేసుకున్నట్టు పెదాలు కదిలాయి.

"అరగంట," అన్నాడు.

ఇంకో నాలుగడుగులు వేసి, గేటు దగ్గర మళ్లీ తిరిగాడు.

"ఇరవై నిమిషాలు అనుకోండి సిస్టర్."

అతని నోట ఒక అంకె పెరగకుండా తగ్గడం ఆ బల్ల మీదవాళ్లు వినడం అదే మొదటిసారి.

"చాలండీ," అంది సిస్టర్. "నాక్కూడా అంతకన్నా ఓపిక లేదు."